ముప్పై ఆరు కేజీల మామయ్య

భవానీపురం,
3-8-1974.

పూజ్యులైన శౌరయ్య మామయ్యగారికి మేనల్లుడు జాన్‌బాబు వందనాలు.

ఇక్కడ నేనూ, నా మెకానిక్స్ పుస్తకమూ క్షేమం. ఒకరి జోలికి ఒకరం పోవడం లేదు.

సెప్టెంబరులో కూడా ఆ పేపరు తప్పితే అమలని బందరు బ్యాంకు సంజీవరావుకి ఇచ్చేస్తానని రాశారు. అసలు దేంట్లో తప్పానో విని తీర్పు చెప్పండి. రెండు వస్తువులు ఒకదాన్నొకటి లాక్కుంటూ తిరుగుతాయి. రెంటి వెంటా మనం పరిగెత్తలేం. అందుకని ఒకదాన్ని కదలనట్టు అనుకుని రెండోదాన్నే చూస్తాం. మీరూ అత్తయ్యా చేతులు పట్టుకుని ఒప్పులకుప్ప తిరుగుతున్నారనుకోండి. అత్తయ్యని మధ్యలో రాటలా నిలబెట్టి మిమ్మల్ని చూస్తే చాలు. కాకపోతే అప్పుడు మీకో కొత్త బరువు వెయ్యాలి. నేను ఇద్దరి బరువూ కూడేశాను. సున్నా వేశారు.

మీ విధేయుడు,
జాన్‌బాబు

తా.క. ఇది మీకు చదివిపెట్టేది ఎలాగూ అమలే. ఇంటర్ లెక్కల్లో నాకన్నా రెట్టింపు మార్కులు తెచ్చుకున్న మనిషి. నవ్వితే నవ్వనివ్వండి.

కంకిపాడు,
10-8-1974.

చిరంజీవి జాన్‌బాబుకి మామయ్య దీవెనలు.

ఎప్పట్లాగే నేను చెబుతున్నాను, అమల రాస్తోంది. నీ ఉత్తరం విని పెరట్లో మీ అత్తయ్యతో ఒప్పులకుప్ప తిరిగాను. ఆవిడ ఉన్నచోటే గిర్రున తిరిగింది. నేను వెళ్లి గడ్డివాములో పడ్డాను. ఇంటి యజమానిని నేనైతే నడిమధ్య చోటు ఆవిడకెవరిచ్చారు? సంజీవరావు ఇలాంటి రాతలు రాయడు.

శౌరయ్య

తా.క. ఇది అమల. బావా, బరువులు కూడితే నాన్న అమ్మకన్నా బరువెక్కాలి కదా. గాల్లోకి లేచాడే. పుస్తకం ఒకసారి తెరువు, కరవదు.

భవానీపురం,
17-8-1974.

మామయ్యగారికి వందనాలు.

తెరిచాను. కరిచింది. రెండు బరువుల్నీ గుణించి, ఆ రెంటి మొత్తంతో భాగించాలట. రైసుమిల్లు కాటా మీద అత్తయ్య తొంభై, మీరు అరవై తూగిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. ఆ ప్రకారం మీ బరువు ముప్పై ఆరు కేజీలు. నన్ననకండి, శాస్త్రం అంతే.

ఇక చోటు సంగతి. నిజానికి మధ్యలో అత్తయ్య కూడా లేదు. ఆవిడకి కాస్త దగ్గరగా, మీకు కాస్త దూరంగా ఓ ఖాళీ జాగా ఉంటుంది. ఇద్దరూ దాని చుట్టూ తిరుగుతారు. అక్కడెవరూ ఉండరు కాబట్టి పెత్తనం ఎవరిదీ కాదు.

ముప్పై ఆరు కేజీల మీ మీద గంపెడు గౌరవంతో,
జాన్‌బాబు

తా.క. సంజీవరావుగారు ఎంత తూగుతారో కనుక్కుని రాయగలరు.

కంకిపాడు,
25-8-1974.

జాన్‌బాబుకి,

దీవెనలు ఈసారికి లేవు. నన్ను ముప్పై ఆరు కేజీలంటావా? పాస్టరుగారితో చెబితే ఆయన నా భుజం తట్టి లోపలికెళ్లి నవ్వుకున్నారు. వచ్చే ఆదివారం సంజీవరావు వాళ్లు పిల్లని చూడ్డానికి వస్తున్నారు. నువ్వు తప్పావా, ఆ వారమే నిశ్చితార్థం.

అరవై కేజీల శౌరయ్య

తా.క. ముప్పై ఆరు కరెక్టే బావా. పాఠం చివర పద్దెనిమిది లెక్కలున్నాయి, అన్నీ చేసి పంపు. ఒక్కటి తప్పినా సంజీవరావుకి కాఫీ నేనే తీసుకెళ్తాను. - అమల

భవానీపురం,
20-11-1974.

మామయ్యగారికి సాష్టాంగ వందనాలు.

ప్యాసయ్యాను. పేపర్లో ఆ ప్రశ్నే వచ్చింది. మీరూ అత్తయ్యా తిరిగిన ఒప్పులకుప్ప తలుచుకుని రాసేశాను. ముప్పై ఆరు అన్నందుకు క్షమించండి. ముప్పయ్యో తేదీ శనివారం బస్సుకి వస్తున్నాను. సంజీవరావుతో ముఖాముఖి తేల్చుకుంటాను.

మీ ప్యాసైన అల్లుడు,
జాన్‌బాబు

తా.క. అతను బాగా పొడుగా?

కంకిపాడు,
24-11-1974.

చిరంజీవి జాన్‌బాబుకి మామయ్య దీవెనలు.

అమలా, మీ అత్తయ్యా చీరలకి మంగళగిరి వెళ్లారు. అందుకని నీ ఉత్తరం మిల్లు గుమాస్తా పుల్లయ్య చదివాడు. ఇదీ అతనే రాస్తున్నాడు.

సంజీవరావెవడ్రా? ముప్పై ఆరేంటి? నువ్వు తప్పిన సంగతే నాకు తెలీదు. నీ ఉత్తరం వచ్చినప్పుడల్లా అమల "బావ బాగా చదువుతున్నాడు నాన్నా" అని వినిపించి మడిచి పెట్టేసేది. నేను రాయించిందల్లా మాగాయ అందిందా, పెళ్లి ఫిబ్రవరిలో పెట్టుకుందామా అని. నువ్వు ఒక్కదానికీ జవాబివ్వకపోతే, పట్నం పొగరనుకున్నాను. ఆ ఒప్పులకుప్ప కూడా నా నడుంనొప్పికి డాక్టరు చెప్పాడని తిప్పించింది.

శనివారం తప్పకుండా రా. చీరలు మీ పెళ్లికే.

శౌరయ్య

తా.క. నీ పాత ఉత్తరాలన్నీ పుల్లయ్య ఇప్పుడే చదివి వినిపించాడు. నడుమ ఖాళీ జాగా అన్నావే, అది మా ఇంటి సంగతి. మీ ఇంట్లో ఆ జాగా ఖాళీగా ఉండదు. ముప్పై ఆరు కేజీలకి నువ్వు ఇప్పట్నుంచే అలవాటు పడు.