సర్పి కాదట

జనగామ, మంగళవారం రాత్రి

బాపు పొత్తికడుపు మీది గడ్డలు సర్పి కాదని ఇయ్యాల దవాఖానల తేలింది. ప్రొస్టేట్ క్యాన్సరే చర్మానికి పాకిందట. ఇన్నాళ్లు సర్పి అనుకొని అమ్మ వాటికి జాజు ఎర్రమట్టి పూసింది, వంకాయ ముట్టనియ్యలేదు.

ఆటోలో ఏడుపు ఆపుకుంట ఉన్నదున్నట్టు చెప్పిన. బాపు నా దిక్కు తిరిగిండు.

"అయితే సర్పి కాదు గద బిడ్డా! ఇగ నా పథ్యం బందు. మీ అమ్మను వంకాయ కూర వండుమను."

అమ్మ ఏడ్సుకుంటనే వండింది. "ఈ ముసలోనికి జిహ్వ మాత్రం సావలేదు" అని తిట్టింది గూడ. చాన్నాళ్లకు బాపు కడుపునిండ తిన్నడు. ఈ ఒక్క పూటకే దేవునికి దండం పెట్టుకున్న. బాపుకు సంగతి సమజే కాలేదా, లేక సమజై గూడ మా కోసమే...

అడుగుదామని నోరు తెరిచిన.

"ఇంకింత కూర వెయ్యి బిడ్డా" అన్నడు.

వేసిన.