డేగిశా తిరిగొచ్చింది

మస్తాన్‌బీ అక్కా,

ఈ ఉత్తరం రాయడం మానేద్దామనే అనుకున్నాను. బతికున్నప్పుడు నువ్వు నాతో "నువ్వు మొదలెడితే కాగితం అయిపోద్ది గానీ కథ అవదురా" అనేదానివి. కానీ నీ డేగిశా కబురు నీకు చెప్పకపోతే ఎలా?

నువ్వు పోయి ఏడాదైంది. తెనాలిలో మన వీధి పెళ్లిళ్లన్నిటికీ అన్నం వండిన ఆ డేగిశాను అమ్మేస్తానంది నీ కోడలు షమీమ్. "అందరికీ ఇచ్చి పుచ్చుకోడం నా వల్ల కాదు బాబాయ్. అత్తమ్మంటే నవ్వుతా చేసేది" అంది. ఆఖరిసారని బతిమాలి, భట్టిప్రోలులో మా వాళ్ల పెళ్లికి తీసుకెళ్లాను.

నీ షరతు మరిచిపోలేదు. డేగిశా తిరిగి తెచ్చినవాళ్లు నిన్ను నవ్విస్తేనే వాళ్లని గుమ్మం నుంచి కదలనిచ్చేదానివి. రేపల్లె మాస్టారు గంటసేపు నిలబడి, చివరికి తన పెళ్లిచూపుల సంగతి చెప్పి బయటపడ్డారు. అది వేరే కథలే.

నిన్న తిరుగు ప్రయాణంలో ట్రక్కు ఆటోలో చోటు లేక డేగిశాలోనే కూర్చున్నాను. చుండూరు దాటేదాకా కునుకు కూడా తీశాను. మీ ఇంటి ముందు ఆటో ఆగాక చూస్తే పైకి లేవలేను! డ్రైవరు ఒక చెయ్యి, షమీమ్ ఒక చెయ్యి పట్టుకుని లాగారు.

"ఏంటి బాబాయ్, గిన్నె కడిగి తెమ్మంటే నువ్వే అడుగంటావా?" అంటూ ఆ పిల్ల గుమ్మంలో కూలబడి నవ్వింది. అచ్చం నీలాగే, కొంగు నోట్లో కుక్కుకుని.

ఈ ఉదయం బాపట్ల నుంచి ఎవరో వచ్చి, మనవరాలి పెళ్లికని డేగిశా అడిగారు. షమీమ్ మూత కూడా ఇచ్చి పంపింది.