అఖ్ఖా పంటికి పట్టిన పొగ

ఇత్తో తల్లీ, బాగానే ఉన్నాను. నా పళ్లు ఇంకా కరుస్తాయని మీ అత్తకు చెప్పు.

పంటి పురుగు తీస్తానని మంగలి మోహా మన పక్కింటి ముసలాయన అఖ్ఖాకు ఉమ్మెత్తలాంటి గింజల పొగ పట్టాడు. నీళ్ల గిన్నెలో తెల్లగా ఏవో రాలాయి. "నీ పుస్తకాల్లో ఉన్నాయా ఈ పురుగులు, తాతా?" అన్నాడు మోహా నాతో. "అవి వేడికి చిట్లిన గింజల మొలకలురా, గాడిదా" అన్నాను. అందరూ నవ్వారు. నొప్పయితే పోయింది. కానీ ఆ పొగ విషం. ఇప్పుడు అఖ్ఖా చెంప కంటిదాకా వాచింది. చచ్చిపోయిన పెళ్లానికి టీ పోస్తూ కబుర్లు చెబుతున్నాడు.

పంటినొప్పితో ఏడుస్తున్న నీ కూతురు తూదాను మీ అత్త ఆ మోహాకే చూపించమంటోందట. వద్దు. రేపే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లు. ఆలివ్ నూనె అందిందా?

నిన్న అఖ్ఖా నన్ను పిలిచి, "మీ ఆవిడా వచ్చి కూచుంది. మనవరాలు ఎప్పుడొస్తుందని అడుగుతోంది" అన్నాడు. మీ అమ్మ పోయి ఆరేళ్లు. అయినా అతను చూపించిన ఖాళీ పీట వైపు చూడలేకపోయాను.

పిల్ల నీ ఒళ్లోనే చల్లగా ఉండాలి.

మీ నాన్న