బాద్షాను కట్టేసే చట్టం

హనుమకొండ,
20–2–1984

పూజ్యులైన పెద్దమ్మ లక్ష్మీనర్సమ్మ పాదాలకు, సారంగపాణి మనసులోనే సాష్టాంగపడి రాయునది. నిజంగా పడటానికి నడుము ఒప్పుకోవడం లేదు.

నేను, నీ కోడలు రాజేశ్వరి క్షేమం. కారే బాగాలేదు. ఆ రోజు జరిగినదాని నుంచి నేనింకా తేరుకోలేదు పెద్దమ్మా! నీ కళ్లకు శుక్లాలు తీయిద్దామని, బట్టల దుకాణం మూసుకుని, కొత్తగా కొన్న పాత అంబాసిడర్‌లో వర్ధన్నపేట వచ్చాను. నీ కుక్క బాద్షా కూడా వరంగల్ దవాఖానకు రావాలన్నావు, సరేనన్నాను. ఊరు దాటామో లేదో, అది వెనక సీట్లోంచి నా భుజాల మీద కాళ్లు వేసి, నా చెవిలో నాలుక పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక నా చెవిలో ఎవరూ నాలుక పెట్టలేదు. కెవ్వుమని కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కారు ఎవరిదో మిరప కళ్లంలో ఉంది.

డాక్టరు ఇచ్చిన టైము కాస్తా దాటిపోయింది. మళ్లీ వచ్చే నెలాఖరుకే వీలవుతుందట. ఈసారి కూడా తప్పితే చూపు వస్తుందో రాదో చెప్పలేనన్నాడు. అందుకే ఒక నిర్ణయానికి వచ్చాను. ఏ బండి ఎక్కిన కుక్కనైనా కట్టేసి తీరాలని చట్టం రావాలి. సర్కారుకు అర్జీ రాస్తున్నాను. చట్టం సంగతి ఎలా ఉన్నా, నా కారులో మాత్రం బాద్షాను కట్టాల్సిందే.

నీ మాట జవదాటని (ఈ ఒక్కటి తప్ప) కొడుకు,
సారంగపాణి

తా.క. సీట్లలో మిరప ఘాటు ఇంకా పోలేదు. కారెక్కిన ప్రతివాడూ ఏడుస్తూ దిగుతున్నాడు. మా ఇంట్లో ఎవరో పోయారనుకుని ఇద్దరు పరామర్శకు వచ్చి వెళ్లారు.

◆

వర్ధన్నపేట,
27–2–1984

చిరంజీవి సారంగపాణికి మీ పెద్దమ్మ దీవించి రాయించునది. రాసేది పక్కింటి వెంకట్రాజం, నేను చెప్పింది చెప్పినట్టు రాస్తాండు.

నీ ఉత్తరం ఇని నా చేతుల చాయ్ కప్పు జారి పడ్డది. బాద్షాను కడుతవా? ఏం నేరం చేసిందిరా అది? మీ పెదనాయిన ఉన్నప్పుడు పత్తి బండి మీద కూసొని కేసముద్రం మార్కెట్ దాక పోయివచ్చిన కుక్క. ఒక్కనాడు దాని మెడల తాడు వడలే. నా కండ్లు మసకలైనంక దాని తోక పట్టుకొనే పొలం కాడికి పోతాన. ఎంత నెమ్మదైన కుక్క! మలుపు మలుపుకు ఆగి, వాసన చూసి, అప్పుడు కదులుతది. మనిషి ఎదురొస్తే మొఖం నాకి, ఎవరో పోల్చుకున్నంకనే దారి ఇస్తది. గంత తెలివిగల్ల దాన్ని దొంగ లెక్క కట్టేస్తనంటవా?

నీ ఉత్తరం సంగతి తెలిసి ఊర్ల లొల్లి లేసింది. చట్టం వచ్చిందనుకొని కట్టయ్య తన కుక్కను బండి మీదికెళ్లి దించి గడ్డివాముల దాసిండు. పోశయ్య కుక్క ఆయనను ఇడిసి ఉండదు, అందుకని ఆయన బండెక్కుడే బంద్ పెట్టిండు.

బాద్షాను కట్టేటట్టుంటే నేను రాను. నా కండ్లు పోతే పోనీ.

నీ మేలు కోరే,
పెద్దమ్మ

తా.క. ఈ ముక్క వెంకట్రాజం సొంతంగా రాస్తున్నది. కుక్క నెమ్మదైనదని ఆమె చెప్పగా రాశాను. రాస్తుండగా అది నా ఎడమకాలి చెప్పు తింటోంది. చట్టం త్వరగా తెప్పించండి. ఈ మాట ఆమెకు చదివి వినిపించలేదు.

◆

హనుమకొండ,
5–3–1984

పెద్దమ్మ పాదాలకు నమస్కరించి సారంగపాణి రాయునది.

నీ ఉత్తరం చదివి దుకాణంలోనే కూలబడ్డాను. కళ్లు పోతే పోనీ అంటావా! అమ్మ పోయాక నన్ను సాకింది నువ్వు. నీకు చూపు లేకుండా పోతే నేను ఏ మొహం పెట్టుకుని తిరగాలి? నాకు రాత్రిళ్లు తిండి దిగడం లేదు.

చట్టం ఇంకా రాలేదు, రావాలని నేను అడిగానంతే. కట్టయ్య కుక్కను గడ్డివాములోంచి బయటికి తీయమను. పోశయ్యను బండెక్కమను. బాద్షా కోసం ఒక గొలుసు, తోలు పట్టీ బస్సు డ్రైవరుతో పంపుతున్నాను. వెంకట్రాజానికి చెప్పుల జత కూడా పంపుతున్నాను. బాద్షా తన చెప్పు తింటోందనీ, చట్టం త్వరగా తెప్పించమనీ తా.క.లో రాశాడు పాపం.

నీ దిగులుతో చిక్కిపోతున్న,
సారంగపాణి

తా.క. అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే, కుక్క ప్యాసింజరా, సామానా అని అడిగారు. ప్యాసింజరైతే ఒక టేబులు, సామానైతే ఇంకో టేబులట. కుక్కే బండికి ఓనరైతే లైసెన్సు చూపించమన్నారు.

◆

వర్ధన్నపేట,
12–3–1984

చిరంజీవి సారంగపాణికి పెద్దమ్మ ఇంకా కోపంల ఉండే దీవించునది.

నీ ఉత్తరం వచ్చిననాడు వెంకట్రాజం మరిపెడకు పోయిండు. మల్లక్క బిడ్డను పిలిచి సదివించుకున్న. నాకు గుండె ఆగినంత పనైంది! నా ఇంట్ల కూసొని, నా చాయ్ తాగి, నా కుక్క మీద నాకే తెల్వకుండ చాడీలు రాస్తాండా! ఊర్ల నా మాట రాసిపెట్టే పెద్దమనిషి ఇంకోడు లేడు గాబట్టి మళ్ల ఆయనతోటే రాయిస్తాన. కని ఇప్పటిసంది ప్రతి ముక్క మల్లక్క బిడ్డ సదివి చెప్పినంకనే పోస్టు డబ్బాల వడుతది.

నువ్వు పంపిన గొలుసు బర్రెకు మంచిగ సరిపోయింది. తోలు పట్టీ బాద్షా తిన్నది.

నీకు తిండి దిగుతలేదన్న మాట మాత్రం నాకు గూడ ముద్ద దిగనిస్తలేదు కొడుకా. అందుకే వస్త. ఒక్కటే షరతు. దాన్ని కడితే నన్ను గూడ కట్టాలె. మంచం నవారు కొంత విప్పి పెట్టిన. నాకు, బాద్షాకు ఒక్కటే పట్టీ. దానికి లేని ఇజ్జత్ నాకెందుకు?

మాట మీద నిలబడే,
పెద్దమ్మ

తా.క. చెప్పులు అందినవి. రెండూ బాద్షాకు చాలా నచ్చినవి. – వెంకట్రాజం. (ఇది ఆమెకు వినిపించాను.)

◆

హనుమకొండ,
19–3–1984

పెద్దమ్మ పాదాలకు సారంగపాణి దిమ్మతిరిగిన తలతోనే నమస్కరించునది.

ముసలి పెద్దమ్మను మంచం నవారుతో కట్టి, వరంగల్ బజార్ల మీదుగా తీసుకుపోవాలా! ఎవరైనా చూస్తే నా దుకాణంలో ఇక జేబురుమాలు కూడా కొనరు. అయినా సరే, నాకు నీ కళ్లే ముఖ్యం. నీ షరతుకు ఒప్పుకున్నాను. సోమవారం పొద్దున వస్తాను. నవారు కనబడకుండా పైన శాలువా కప్పుదాం.

సిగ్గు చంపుకున్న కొడుకు,
సారంగపాణి

తా.క. "మరి మీకో పట్టీ వద్దా?" అని రాజేశ్వరి అడుగుతోంది. నేనేమైనా కుక్కనా అన్నాను. ఆమె నవ్వుకుంటూ వంటింట్లోకి పోయింది.

◆

హనుమకొండ,
25–4–1984

పెద్దమ్మ పాదాలకు సారంగపాణి నమస్కరించి రాయించునది. కుడిచెయ్యి సిమెంటు పట్టీలో ఉంది గనక రాసేది రాజేశ్వరి.

నెల కావస్తున్నా నా గుండెదడ తగ్గలేదు. ఆ సోమవారం రోడ్డుకు అడ్డంగా బర్రె రావడం, నేను బ్రేకు తొక్కడం, కారు కల్వర్టు గోడను గుద్దడం నాకు గుర్తున్నాయి. స్టీరింగు మీద పడి చెయ్యి విరిగింది, ముందుపళ్లు ఊడాయి. నువ్వూ బాద్షా ఏమయ్యారోనని ఏడుస్తూ వెనక్కి తిరిగాను. నవారు ఇసుమంతైనా జరగలేదు. నువ్వు అప్పుడే నిద్రలేచి, "దవాఖాన వచ్చిందా?" అన్నావు. బాద్షా ఆవులించింది.

దారిన పోయే లారీ ఆయన మనల్ని ఎక్కించుకోబట్టి నీ ఆపరేషన్ అనుకున్న టైముకే అయింది, అదే చాలు. నిన్ను ఊళ్లో దింపినప్పటి నుంచి నా ప్రాణం అక్కడే ఉంది. అద్దాలు వచ్చాయా? కనబడుతోందా?

అర్జీలో 'కుక్క' అన్నచోటల్లా కొట్టేసి 'ఎవరైనా సరే' అని రాయించాను.

పళ్లు లేని కొడుకు,
సారంగపాణి

తా.క. పెద్దత్తమ్మా, ఈయన ఇప్పుడు వాలుకుర్చీలో కూర్చున్నా నడుముకు తువ్వాల కట్టమంటున్నారు. – రాజేశ్వరి

◆

వర్ధన్నపేట,
10–5–1984

చిరంజీవి సారంగపాణికి, రాజేశ్వరికి పెద్దమ్మ దీవించి తన చేతితోనే రాయునది.

అవును కొడుకా, ఇది నా చేతిరాత. వరుసలు వంకర పోయినా నావే. లావు అద్దాలు వచ్చినయి. పెట్టుకోంగనే మొదలు నా చేతులు చూసుకున్న, ఇంత ముసలివైనయా అనుకున్న. తర్వాత బాద్షాను పిలిచి, మొఖం పట్టుకొని చూసిన.

సారంగపాణీ, దాని రెండు కండ్లు పాల లెక్క తెల్లగున్నయి. చెయ్యి ఊపితే రెప్ప కొడుతలేదు.

వెంకట్రాజాన్ని పిలిచి నిలదీసిన. నా కండ్లకంటె ముందే దాని చూపు పోయిందట. ఊరందరికి ఎరుకేనట. "నీ ధైర్యం చెడగొట్టుడెందుకని చెప్పలే అక్కా" అన్నడు. ఇన్ని దినాలు నేను గుడ్డి కుక్క తోక పట్టుకొని కాలువ గట్టు మీద నడిచిన! మలుపుకాడ ఆగుడు, వాసన చూసుడు, మనుషుల మొఖం నాకుడు, అన్ని అందుకే. నీ చెవుల నాలుక పెట్టింది గూడ తుంటరితనం కాదు. మమ్ముల తీసుకపోయేది ఎవరో పోల్చుకున్నది, అంతే.

కనవడని ప్రాణి, ఊగే బండ్ల ఏది పట్టుకొని కూసుంటది? దాన్ని కట్టుడే మంచిది. నీ చట్టం మంచిది కొడుకా. డాక్టరు ఏడ్వద్దన్నడు, అయినా దాన్ని ఒళ్లో పెట్టుకొని ఏడ్చిన.

ఇప్పుడు పొలానికి నేను ముందు నడుస్తాన. అది నా కొంగు నోట కరుచుకొని ఎనుక వస్తాంది. వరంగల్‌ల పశువుల డాక్టరుకు దాని కండ్లు చూపియ్యాలె. నీ చెయ్యి, కారు రెండు బాగైనంక రా. మంచం నవారు మొత్తం విప్పిన, నేను చాప మీదనే పండుకుంటాన.

కండ్లారా చూడాలని ఎదురుచూసే,
పెద్దమ్మ

తా.క. నీకు గూడ పట్టీ కోసిపెడుత. నడుము కొలత రాజేశ్వరిని రాసి పంపమను. వెంకట్రాజం తోడు వస్తనంటాండు, చెప్పులు ఇంట్లనే ఇడిసి వస్తడట.