నిన్ను మోసిన భుజం

తమ్మీ,

సముద్రం అవతలి యుద్ధంలో నిన్ను డోలీలో మోసినవాడు ఇరవై ఏళ్లకు నిన్న ఎడపల్లిలో మన ఇంటికి వచ్చాడు. బోధన్‌లో కొత్తగా కడుతున్న చక్కెర కార్ఖానాలో పనికి చేరాడట; నువ్వు అప్పుడు చెప్పిన ఊరి పేరు గుర్తుండి వెతుక్కుంటూ వచ్చాడు. డోలీవాళ్లు గాయపడ్డవాణ్ని కట్లు కట్టే డేరా దాకే మోస్తారట. ఆ తర్వాత బండి, నువ్వు కన్నుమూసిన దవాఖానా ఓడ, అన్నీ వేరేవాళ్ల పని.

"మాకు గంతవరకే హుకుం, అవ్వా. నీ కొడుకు 'అన్నా, ఇడిసిపెట్టకు' అన్నడు. డేరాల అప్పజెప్పి మల్ల ఎనుకకు ఉరికిన."

అన్నా అని నువ్వు పిలిచింది అతణ్ని.

"ఏ భుజం మీద మోసినవు, కొడుకా?" అంది అవ్వ. అతను కుడి భుజం చూపాడు. ఆమె దాన్ని చాలాసేపు నిమిరింది. నన్ను మంచినీళ్లు తెమ్మంది.

వెళ్లేటప్పుడు మళ్లీ రమ్మని అతనికి చెప్పింది. నేను చెప్పలేదు.

మీ అన్న