విరిగిన కొయ్య పట్టుకున్న మనిషి

కెర్చ్ రేవు

గౌరవనీయులైన లవ్రెంతి ఒసిపొవిచ్ గారికి,

ఆదివారాల్లో మీ చిత్రశాలలో తుఫాను పటం ముందు నిలబడే ముసలామె మా అమ్మ. మా నాన్న పాంతెలేయ్ పనిచేసిన ఓడ రెండేళ్ళ క్రితం మునిగిపోయింది. చర్చిలో చనిపోయినవారి ప్రార్థనలో ఆయన పేరు చదివించడానికి అమ్మ ఈమధ్యే ఒప్పుకుంది. అంతలో మీ పటంలో, విరిగిన తెరచాప కొయ్య పట్టుకుని తేలుతున్న మనిషిని చూసింది. ఆయన నాన్నేనంటుంది. ఇప్పుడు మళ్ళీ బతికున్నవారి ప్రార్థనలోనే ఆయన పేరు చదివిస్తోంది.

మీ కాపలాదారు నవ్వుతాడు: "ఏమ్మా, మీ ఆయన ఇవాళైనా ఒడ్డెక్కాడా?"

"ఇంకా లేదు నాయనా. పట్టు మాత్రం వదల్లేదు," అంటుంది అమ్మ.

మీరు అన్నీ ఊహించే గీస్తారని ఆమెకు చెప్పి చూశాను.

"మనింట్లో చదువుకున్నదానివి నువ్వొక్కదానివే గదే, ఆయనకి రాయి. ఇన్ని అలలు గీసినాయనకి ఒక్క పడవ బరువా?" అంది.

అమ్మ అడగమన్నది పడవ. పడవ గీస్తే, మర్నాటి నుంచి రేవులో నిలబడి ఎదురుచూస్తుంది. నాకేమీ తోచడం లేదు. వీలైతే, ఆ మనిషిని పూర్తిగా కప్పేసేలా ఒక అల గీయండి. నేనిలా అడిగానని అమ్మకు తెలియనివ్వకండి.

ఇట్లు,
పాంతెలేయ్ కూతురు