నలభై ఒకటో నెంబరు

12-8-1993, తెనాలి
ఉదయం ఏడింటికి రాజేశ్వరికి జావ పట్టాను. రెండు చెంచాలు మింగింది. మాస్టారూ, మా ఆయన కాలేజీ నుంచి వచ్చారా అని నన్నే అడిగింది. ఇంకా రాలేదన్నాను. పదకొండున్నరకి పోయింది. జ్వరం నాలుగు రోజులదే. మతిమరుపు రెండేళ్లది.

25-8-1993
బసవేశ్వరరావు పరామర్శకి వచ్చాడు. బాపట్లలో నా దగ్గర స్టాటిస్టిక్స్ చదివాడు. మతిమరుపు రాకుండా ఇచ్చే విటమిన్ పొడి మీద మూడేళ్ల ట్రయల్ అతనిదే. తెనాలి, రేపల్లెల్లో రెండొందల మంది. సగంమందికి విటమిన్ పొడి, సగంమందికి ఉత్త పిండి. డిజైన్ నాది. రాజేశ్వరిది నలభై ఒకటో నెంబరు. అమ్మగారు ఖాళీ పొట్లాలు ఒక్కటి తగ్గకుండా ఇచ్చారండి అని మెచ్చుకున్నాడు.

9-10-1993
రిపోర్టు పోస్టులో వచ్చింది. పొడి పనిచేసిందట. టేబుల్‌లో నలభై తర్వాత నలభై రెండు. విటమిన్ పొడి తీసుకున్నవాళ్లలో పద్నాలుగు మంది మధ్యలో మానేశారని కింద చిన్న అక్షరాలు.
రాజేశ్వరి మానెయ్యలేదు. జులైలో ఆఖరి టెస్టుకి రిక్షాలో తీసుకెళ్లింది నేనే. గడియారం గీయమంటే ముగ్గేసింది.
పొట్లం అందుకున్న ప్రతి మనిషీ చివరిదాకా లెక్కలో ఉండాలి. డిజైన్ మొదటి పేజీలో నేను రాసిన రూలు.

11-10-1993
టేబుల్‌లో లేని నెంబర్ల పేర్లు పాత లిస్టులో చూసుకుని రేపల్లె వెళ్లాను. తొమ్మిది ఇళ్లు దొరికాయి. ఎవరూ మానలేదు. అందరికీ మతిమరుపు వచ్చింది. మా నాన్న నమాజు మర్చిపోయాడు గానీ మీ పొడి మర్చిపోలేదండి, ఎవడు రాశాడు మానేశాడని, అని ఇమామ్ సాహెబ్ కూతురు మున్నీ బీ నన్నే కడిగేసింది. తొమ్మిది సంతకాలు తీసుకున్నాను.

14-10-1993
ఇరవై మూడున బాపట్లలో బసవేశ్వరరావుకి సన్మానమట. గురువుగారు మాట్లాడాలట. వస్తానన్నాను.

17-10-1993
కోపం తగ్గకూడదని వేళకి తింటున్నాను.

22-10-1993, సాయంత్రం
రెండు నెలలుగా మజ్జిగ రుచి మారిందేంటన్నాను. అమ్మగారు కలిపే పొడి లేదు కదండీ అంది వంటమనిషి రాజమ్మ.
ఏ పొడి అంటే, పొట్లాల పొడేనట. ఆయనకి పెట్టకుండా నేనెలా తింటానే అని మొదట్నించీ సగం నాకు వేసేదట. పేర్లు మర్చిపోవడం మొదలయ్యాక మొత్తం నాకేనట. ఆయనకి ఇది రాకూడదు, చెప్పావంటే ఊరుకోను అందట.
మూడేళ్లు. ఖాళీ పొట్లాలు లెక్కపెట్టి సంచిలో వేసిచ్చింది నేనే.

ఏడు గంటలు
ఇది చెబితే, ఆమె పొడి తినలేదుగా అని వాడికి సాకు దొరుకుతుంది. దాస్తే నేనూ ఆమెను లెక్కలోంచి కొట్టేసినవాణ్ణే. తిన్నా తినకపోయినా లెక్కలో ఉండాలి. రూలు అదే.
రేపు పొద్దున్న మొదటి పాసింజరుకి బాపట్ల వెళతాను. మైకు దగ్గర పద్నాలుగు పేర్లూ చదువుతాను. ఆఖర్న రాజేశ్వరి పేరు, ఆమె పొడి తిన్నవాడి పేరు.